బోసిమెడ పెట్ట

మా ఇంటి కోళ్లలో కొన్నింటికి మెడ మీద ఈక ఉండదు. తల కింద నుంచి రొమ్ము దాకా ఎర్రటి తోలు, గొంతు దగ్గర మాత్రం చిన్న కుచ్చు. కొత్తగా చూసినవాళ్లు ఏదో రోగమనుకుంటారు. రోగం కాదు, పుట్టుకే అంత. తల్లికో తండ్రికో బోసిమెడ ఉంటే పిల్లల్లోనూ అది కనిపిస్తుంది. ఈక తక్కువ కాబట్టి ఎండకు బాగా ఆగుతాయి. మే నెల మధ్యాహ్నం మిగతా కోళ్లు ముక్కు తెరిచి రొప్పుతుంటే ఇవి పెంటకుప్ప గీరుతూనే ఉంటాయి. నాకు ఊహ తెలిసినప్పటి నుంచి మా పెరట్లో కోళ్లు రెండుసార్లు పూర్తిగా తుడిచిపెట్టుకుపోయాయి. రెండుసార్లూ ఈ బోసిమెడ మళ్లీ మా గుమ్మంలోకి వచ్చింది. ఆ రాకడ గురించి రాయాలని చాలా కాలంగా ఉంది.

మాది ఒడిశాలో, కాశీనగర్ దగ్గర, వంశధార ఒడ్డున ఉన్న ఊరు. నేను పుట్టేటప్పటికి అది గంజాం జిల్లా. గజపతి జిల్లా విడిపోయింది 1992 అక్టోబరు 2న. బడిలో ఒడియా, ఇంట్లో తెలుగు. మా వీధిలో ఒక వరస తెలుగువాళ్లం, ఎదుటి వరస ఒడియావాళ్లు. కోళ్లకి ఆ తేడా ఏమీ లేదు. పొద్దున్న మా పెరట్లో నూకలు తిని, మధ్యాహ్నం ఎదురింటి మౌసీ పశువుల శాలలో పురుగులు ఏరుకుని, సాయంత్రం ఎవరి గూటికి అవి చేరేవి.

కోళ్లు మామ్మవి. పొద్దున్నే గూడు తలుపు కొద్దిగా తీసి, ఒక్కో పెట్టనీ చేత్తో పట్టుకుని, వెనక భాగంలో వేలితో తడిమి చూసేది. లోపల గుడ్డు గట్టిగా తగిలితే "ఇది ఈవేళ పెడతాది" అని గంప కింద మూసేది. లేకపోతే వదిలేసేది. అలా మూయకపోతే పరాయి పెరట్లో పెట్టి వస్తాయి. నాకు ఏడెనిమిదేళ్లప్పుడు ఆ తడమడం నేర్పింది. పెట్ట వెచ్చగా, గుండె దడదడలాడుతూ చేతిలో ఉండేది. వేలికి తగిలే ఆ గుండ్రటి గట్టితనం ఇప్పటికీ గుర్తే.

పెట్ట పొదుగుకి వచ్చిందంటే దాని గొంతే మారిపోయేది. రెక్కలు ఉబ్బించి, దగ్గరికి వెళ్తే కొక్కొక్కొక్ అని కోప్పడేది. అప్పుడు మామ్మ పాత గంపలో అడుగున బూడిద, దాని మీద ఇసుక, ఆ పైన గడ్డి వేసేది. కోడిపేలు పట్టకుండా వావిలాకు, పొగాకు కాడలు. ఉరుముకి గుడ్లు చెడిపోతాయని ఒక ఇనప ముక్క. అది మా ఇంట్లో విరిగిపోయిన కొడవలి మొన. గుడ్లు ఎప్పుడూ బేసి సంఖ్యే, తొమ్మిదో పదకొండో. వేరే పెట్ట వచ్చి వాటి మధ్య కొత్త గుడ్డు పెడితే తెలియాలని ప్రతి గుడ్డు మీదా బొగ్గుతో గీత గీసేది.

ఏడో రోజు రాత్రి చూడాలి. గదిలో దీపం ఒక్కటే ఉంచి, కాగితాన్ని గొట్టంలా చుట్టి, గుడ్డుని దీపానికి అడ్డంగా పెట్టి చూసేవాళ్లం. పిల్ల కట్టిన గుడ్డులో ఎర్రటి దారాలు సాలెగూడులా కనిపిస్తాయి, మధ్యలో ఒక నల్లటి చుక్క. కట్టనిది తెల్లగా, ఖాళీగా ఉంటుంది. ఒకసారి ఆ చుక్క కదిలింది. నేను ఊపిరి బిగబట్టి చూస్తుంటే మామ్మ గుడ్డుని చటుక్కున తీసుకుని పెట్ట కింద పెట్టేసింది, చల్లారిపోతుందని. పెట్ట రోజుకి ఒక్కసారే లేచేది. గబగబా తిని, నీళ్లు తాగి, దుమ్ములో ఒళ్లు దొర్లించి మళ్లీ వచ్చి కూర్చునేది. ఇరవై ఒకటో రోజున గుడ్డు చిట్లి, ఆ చీలికలోంచి చిన్న ముక్కు బయటికి వచ్చేది. పెంకు మనం ఒలవకూడదని మామ్మ గట్టిగా చెప్పేది. ఒలిస్తే నెత్తురు వస్తుంది, పిల్ల బతకదు. ఎంత కష్టపడినా అదే రావాలి.

వచ్చిన పిల్లలన్నీ మిగులుతాయా అంటే, లేదు. పది లేస్తే పెద్దవయ్యేవి నాలుగో ఐదో. గద్ద తన్నుకుపోయేది, వానకి తడిసి కొన్ని పోయేవి. ముంగిస అన్నిటికంటే చెడ్డది, తినగలిగినదాని కంటే ఎక్కువ చంపుతుంది. మెడ కొరికి పక్కన పడేసిన పిల్లల్ని పొద్దున్నే వరసగా చూడటం చిన్నప్పుడు నాకు చాలా బాధగా ఉండేది. మిగిలిన పిల్లల బలం కోసం మామ్మ చెదలు పట్టేది. పగిలిన కుండలో తడి పేడ, గడ్డి కుక్కి సాయంత్రం పుట్ట దగ్గర బోర్లించి వస్తే తెల్లారేసరికి కుండ నిండా చెదలు. నేలమీద గుమ్మరిస్తే పిల్లలు ఒకదాని మీద ఒకటి పడి తినేవి.

డబ్బు సంగతి కూడా చెప్పాలి. ఒడియావాళ్ల కార్తీకం మన కార్తీకం కంటే పక్షం రోజులు ముందు మొదలై పౌర్ణమితో అయిపోతుంది. చివరి ఐదు రోజులు పంచుక. ఆ రోజుల్లో కొంగ కూడా చేప ముట్టదంటారు. పౌర్ణమి మర్నాడు ఛాడఖాయి. అన్నాళ్లూ నియమంగా ఉన్న ఇళ్లన్నిటిలో ఆ రోజు మాంసం ఉడకాల్సిందే. మన కార్తీకం అమావాస్య దాకా కదా, మా వరసలో ఉసిరి చెట్టు కింద దీపాలు పెడుతుంటే ఎదుటి వరస నుంచి మసాలా వాసన వచ్చేది. మామ్మ మాంసం ముట్టని నెలలోనే ఆమె పుంజులకి మంచి ధర పలికేది. పెంచిన పుంజుల్ని దసరాకి ఎవరు అడిగినా ఇచ్చేది కాదు, ఛాడఖాయి కోసం ఆపేది. కనుమకి మళ్లీ తెలుగిళ్ల వాళ్లు వచ్చేవారు. నా పదో తరగతి పరీక్ష ఫీజు ఆ పుంజుల డబ్బే.

ఇంకొక పద్ధతి ఉండేది, పాలుకి ఇవ్వడం. గుడ్డుకొచ్చే పెట్టని వేరే ఇంటికి ఇస్తాం, వాళ్లు మేపుతారు, మిగిలిన పిల్లల్లో సగం వాళ్లవి, సగం మనవి. సంతకి కొండ మీద నుంచి చీపుర్లు, చింతపండు, అడ్డాకులు తెచ్చే ఒక సవర ఆవిడ మా అరుగు మీద కాసేపు ఆగి మంచినీళ్లు తాగేది. మేం పిల్లలం కొండపిన్ని అనేవాళ్లం. నాకు తొమ్మిదేళ్లప్పుడు మామ్మ ఆవిడకి ఒక బోసిమెడ పెట్టని పాలుకి ఇచ్చింది. ఆవిడ దాన్ని చీపురు పుల్లలు కట్టే నారతో కాళ్లు కట్టి, గంపలో పెట్టుకుని, నెత్తిన ఎత్తుకుని కొండెక్కింది. ఆ తర్వాత మేం దాని సంగతే మర్చిపోయాం.

1991 వేసవి సెలవుల్లో నాన్న నన్ను పర్లాకిమిడి తీసుకెళ్లారు. అప్పట్లో నౌపడా నుంచి గుణుపురం దాకా చిన్న రైలు, రెండున్నర అడుగుల వెడల్పు పట్టాల మీద. పర్లాకిమిడి రాజావారు వేయించిన లైను, 1900లో మొదలైంది. అది ఎంత మెల్లగా వెళ్లేదంటే, కిటికీలోంచి చేయి చాపితే పక్క తుప్పల ఆకులు తెంపుకోవచ్చు. తిరిగి వచ్చేటప్పుడు బజారులో ఒక డేగ పుంజుపిల్లని చూసి నేను ఏడుపు లంకించుకున్నాను. నాన్న కొన్నారు. రైల్లో దారి పొడుగునా ఒళ్లో పెట్టుకుని తెచ్చాను.

మామ్మ దాన్ని చూసి ముఖం ముడుచుకుంది. బయటి కోడిని తెస్తే పదిహేను రోజులు విడిగా గంప కింద ఉంచాలన్నది ఆమె నియమం. పెరటి చివర గంప బోర్లించి, పైన రాయి పెట్టింది. "గంప ఎత్తకు గుంటా. పదేను రోజులు పోనీ" అంది.

రెండో సాయంత్రం అది ఒంటరిగా కూస్తూనే ఉంది. మామ్మ గుడికి వెళ్లిన సమయం చూసి రాయి తీసి, గంప ఎత్తి, పుంజుని తీసుకెళ్లి గూట్లో మిగతా కోళ్ల మధ్య వదిలాను. పొద్దున్న మామ్మ తలుపు తీసింది, చూసింది. నా వైపు ఒకసారి చూసి, ఏమీ అనకుండా నూకలు చల్లింది.

ఐదో రోజున ఆ పుంజే మొదట మూల కూర్చుంది. రెక్కలు నేల మీద వాలిపోయాయి, కళ్లు మూతలు పడ్డాయి, రెట్ట ఆకుపచ్చగా నీళ్లలా. మర్నాటికి నాలుగు పెట్టలు. ఒకదాని మెడ మెలితిరిగిపోయి, తల వెనక్కి ఆకాశం వైపు చూస్తున్నట్టు ఉండేది. నడవబోతే గుండ్రంగా తిరిగి పడిపోయేది. గురక లాంటి శబ్దంతో ఊపిరి తీసేవి. కొక్కెర తెగులు. మామ్మ పసుపు, వెల్లుల్లి నూరి ముద్దలు చేసి గొంతులో వేసింది. ఆ తెగులుకి మందు లేదు, ముందుగా టీకా వేయించుకోవడమే. అప్పటికి మాకు ఆ సంగతి తెలియదు. వారంలో ఇరవై ఎనిమిది కోళ్లు పోయాయి. పిల్లల తల్లి పోతే పిల్లలు ఆ రాత్రంతా దాని చల్లటి రెక్క కిందే దూరి ఉన్నాయి.

కొన్ని ఇళ్లవాళ్లు తెగులు తెలియగానే ఉన్న కోళ్లని సంతకి పట్టుకెళ్లి అమ్మేస్తారు. తెగులు అలాగే ఊరు దాటుతుంది. మామ్మ అమ్మలేదు, కొయ్యనివ్వలేదు. నాన్న చేత పెరట్లో లోతుగా గొయ్యి తవ్వించి, సున్నం పోసి పూడ్పించింది. నాన్న "ఎలా వచ్చిందమ్మా ఇంత తెగులు?" అని అడిగారు. నేను గుమ్మం వెనక నిలబడి వింటున్నాను. "గాలి తెగులు నాయనా. వస్తాది, పోతాది" అంది. ఊళ్లో మొదట వచ్చింది మా ఇంటికే. ఆ సంగతి ఆమెకి తెలుసు. బతికున్నన్నాళ్లూ ఎవరి ముందూ ఆ పుంజు మాట ఎత్తలేదు.

గూటికి లోపలా బయటా సున్నం కొట్టి, తలుపు తెరిచి ఎండకి వదిలేశాం. పెరడు మూగబోయింది. అన్నం తిని చేతులు కడుక్కుంటే మెతుకుల కోసం పరిగెత్తుకొచ్చేవి ఏవీ లేవు. మామ్మ పొద్దున్నే అలవాటుగా నూకల చేట తీసుకుని వెళ్లి, మళ్లీ లోపలికి తెచ్చేసేది.

వానలు పడ్డాక ఒక సంత రోజు కొండపిన్ని గంప దించింది. అడ్డాకుల కింద రెండు పెట్టలు, ఒక పుంజు. మూడింటికీ బోసిమెడ. "మీ పాలు అమ్మా" అంది. తెగులు సంగతి సంతలో అప్పుడే విందట. చల్లారేదాకా తేకూడదని ఆగింది. మధ్యలో ఎన్ని పిల్లలు లేచాయో, ఎన్ని గద్ద పాలయ్యాయో మామ్మ అడగలేదు, ఆవిడే వేళ్ల మీద లెక్క చెప్పింది. మామ్మ పుంజుని ఎత్తుకుని దాని మెడ మీద చేత్తో రాసింది. నేను అప్పటిదాకా ఏడవలేదు. ఆ రోజు ఏడ్చాను.

టీకా గురించి ఆ తర్వాత ఏడాదే తెలిసింది. మా బ్లాకు పశువుల ఆస్పత్రిలో ఉండే ఎల్.ఐ. బాబు, అంటే లైవ్‌స్టాక్ ఇన్‌స్పెక్టర్, చెప్పాడు. పిల్లలకి మొదటి వారంలో కంట్లో చుక్క, లసోటా. ఎనిమిది వారాలకి రెక్క కింద సూది, దాని పేరు ఆర్-టూ-బి. అయితే ఆ సీసా వంద కోళ్లకి సరిపోయేది. చల్లగా తెచ్చి, సెలైన్ కలిపాక గంట రెండు గంటల్లోనే వాడేయాలి, లేకపోతే వృథా. "పది కోళ్లకి సీసా విప్పలేను. వంద పోగు చెయ్యండి, నేనే వస్తాను" అన్నాడు.

మామ్మ ఇంటింటికీ తిరిగింది. ఒక్కో ఇంట్లో ఎన్ని కోళ్లున్నాయో గుర్తు కోసం కొంగున చింతగింజలు ముడివేసుకుంది, కోడికి ఒక గింజ. సూది వేస్తే గుడ్లు పెట్టవని కొందరు వెనకాడారు. ఎదురింటి మౌసీ తన పదిహేను కోళ్లకీ ముందు ఒప్పుకుని, ఒడియా ఇళ్లన్నీ తనే తిరిగింది. రాత్రి అరుగు మీద గింజలు పోసి లెక్కపెట్టాం. నూట మూడు.

కోళ్లు గూడు దిగకముందే పని జరగాలి. ఎల్.ఐ. బాబు తెల్లవారుజామున సైకిల్ మీద, ఐసు ముక్కలు వేసిన ఫ్లాస్కుతో వచ్చాడు. మామ్మ పట్టుకుని రెక్క విప్పితే ఆయన సూది వేసేవాడు, నేను చింతగింజ ఒకటి పక్కకి జరిపేదాన్ని. ఆ వరస, ఈ వరస అన్నీ అయి మా గూటికి వచ్చేసరికి మందు అడుగంటింది. చివరి మూడు కోళ్లకి చాలలేదు. నాకు ఉక్రోషం వచ్చింది. తిరిగింది మనం, మనవే మిగిలిపోయాయేంటి అన్నాను. "చుట్టూ ఉన్నవాటికి పడింది కదా. మన మూటికీ ఏం కాదులే" అంది. ఏమీ కాలేదు కూడా. ఆ తర్వాత ఏటా వేసవికి ముందు ఆ చింతగింజల మూట బయటికి వచ్చేది.

మామ్మ పోయాక కోళ్లు అమ్మ చేతికి వచ్చాయి. మధ్యలో ఒక పథకం కింద వనరాజా పిల్లలు ఇచ్చారు, హైదరాబాద్‌లో తయారుచేసిన జాతి. తొందరగా బరువొచ్చాయి, గుడ్లు పెద్దవి, ఎక్కువ కూడా. పొదగడం మాత్రం వాటికి రాదు. వాటి గుడ్లని కూడా అమ్మ బోసిమెడ పెట్టల కిందే వేసేది.

2018 అక్టోబరు 10 రాత్రి తిత్లీ తుఫాను. తెల్లవారుజామున పలాస దగ్గర తీరం దాటింది. నేను పర్లాకిమిడిలో ఉన్నాను, అర్ధరాత్రి దాకా అమ్మతో ఫోన్‌లో మాట్లాడుతూనే ఉన్నాను, తర్వాత లైను పోయింది. టెన్షన్‌తో ఆ రాత్రి నిద్ర లేదు. అమ్మ కోళ్లని గూట్లోంచి తెచ్చి వంటింట్లో పెడుతూ ఉండగా, సగం అయ్యేసరికి పెరట్లో పనస చెట్టు గూటి మీద పడింది. ఇంకొక్క నిమిషం ముందైతే అమ్మ అక్కడే ఉండేది. వంటింటి మూల ఒక బోసిమెడ పెట్ట పదకొండు గుడ్ల మీద పొదుగుతోంది. పైన రేకులు లేచిపోయి వాన నేరుగా పడుతుంటే అమ్మ దాని మీద గంప, గంప మీద గొడుగు కట్టి, పక్కనే కూర్చుంది. పెట్ట లేవలేదట. ఈకలు ఉబ్బించి, కళ్లు తెరుచుకుని అలాగే ఉందట. పదకొండులో మూడే పిల్లలు వచ్చాయి. ఇనప ముక్క గంపలోనే ఉంది.

మాకు పోయింది కోళ్లూ, రేకులూ. పైన కొండల్లో చరియలు విరిగిపడి మనుషులు పోయారు, ఊళ్లకి దారులు తెగిపోయాయి. కొండపిన్ని అప్పటికే లేదు. ఆవిడ కూతురు నెలన్నర తర్వాత సంతకి దిగింది, చేతిలో ఒకే ఒక చీపుర్ల కట్ట. మనుషులు దక్కారు, గొడ్డూ గోదా ఏమీ మిగల్లేదంది. ఆ మూడు పిల్లలూ ఎదిగాక అమ్మ వాటిలో రెండు పెట్టల్ని ఆమెకి ఇచ్చేసింది. "పాలుకేనా అమ్మా?" అని ఆమె అడిగితే, "పాలుకి కాదమ్మీ. ఇవి మీవే" అంది.

2022లో అమ్మ కాలు విరిగింది. నాలుగు నెలలు నా దగ్గరే ఉంది. గూటిని పక్కింటివాళ్లు చూస్తామన్నారు, చూశారు కూడా, కానీ ముంగిసకి ఆ సందు చాలు. తిరిగి వెళ్లేసరికి గూడు ఖాళీ. ఇక నాకు ఓపిక లేదు, కోళ్లు వద్దులే అంది అమ్మ. మళ్లీ పెంచమని నేనూ బలవంతపెట్టలేదు. నూకల చేట మాత్రం గోడకి అలాగే ఉంచింది.

పోయిన వేసవి సెలవులకి మా అబ్బాయిని తీసుకుని ఊరెళ్లాను. వాడికి తొమ్మిదేళ్లు. సంత రోజు కొండపిన్ని కూతురు గంప తెచ్చి అరుగు మీద పెట్టింది. అడ్డాకులు తీస్తే రెండు పెట్టలు, ఒక పుంజుపిల్ల. పుంజుపిల్లకి, ఒక పెట్టకి బోసిమెడ. "మీ పాలు అమ్మా" అంది. పాలుకి ఇవ్వలేదు కదే అని అమ్మ అంటే, "మా అమ్మ ఉంటే తెచ్చేది కాదా" అంది. అమ్మ ఇంకేం మాట్లాడలేక లోపలికి వెళ్లి మంచినీళ్ల చెంబు తెచ్చింది.

ఆ సాయంత్రం పెరటి చివర గంప బోర్లించి, పైన రాయి పెట్టాం. చీకటి పడ్డాక పుంజుపిల్ల కూస్తుంటే మా వాడు నా చెయ్యి పట్టుకుని లాగాడు. "అమ్మా, పాపం ఏడుస్తోంది. ఒక్కసారి తియ్యవా?" అన్నాడు.

"పదిహేను రోజులు నాన్నా" అన్నాను.

చాప తెచ్చి గంప పక్కనే వేశాను. అది కూత ఆపేదాకా ఇద్దరం అక్కడే కూర్చున్నాం.